గోనె విప్పని ఉయ్యాల

యజ్ఞనారాయణ చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే కాసేపట్లో ఆయన మీద మీకు ఒళ్ళు మండుతుంది. తాగడు, పేకాడడు, కాంట్రాక్టరు పంపిన స్వీటు పొట్లం కూడా వెనక్కి పంపేసేవాడు. భార్య పుణ్యవతి మీద ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. చేసిన తప్పంతా మెల్లగా, మంచి మాటలతో, ఆవిడ మేలు కోరే చేశాడు. అందుకే అది తప్పని తెలియడానికి అన్నేళ్ళు పట్టింది.

అరవైతొమ్మిదిలో వచ్చిన తెలంగాణ గొడవలు సద్దుమణిగాక ఆయన ఖాజాగూడ చెరువు అవతల, బండరాళ్ళ మధ్య కాస్త స్థలం కొని ఇల్లు కట్టాడు. పట్నంలో ప్రభుత్వ ఇంజనీరింగు ఆఫీసులో ప్లాన్లు గీసే శాఖ ఆయనది. సామర్లకోట వైపు నుంచి వచ్చిన తోటి ఉద్యోగులంతా నలుగురున్న చోట ఇళ్ళు చూసుకుంటుంటే ఈయన నక్కలు తిరిగే చోటికి పోయాడు. "అక్కడ ఎవరుంటారండీ?" అని ఆఫీసులో అడిగితే "ఎవరూ ఉండరు, అందుకే" అన్నాడు.

ఆ ఇంటికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ మొదట వచ్చే సందేహం, కూర్చోవడం ఎక్కడ అని. గోడలకు తెల్ల సున్నం, కింద షాబాదు బండలు, అంతే. క్యాలెండరు లేదు, పటం లేదు, గోడకు ఒక్క మేకు లేదు. ముందుగదిలో వీపు ఆనించుకోవడానికి వీల్లేని ఓ బల్ల, ఓ చాప, పైనుంచి వేలాడే ఒకే ఒక్క దీపం. బీరువాలన్నీ గోడలో కలిపేసి, వాటి తలుపులకు పిడి కూడా లేకుండా పైన సున్నం వేయించాడు. ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకుంటుందో ఆయనకే తెలియాలి. ఓసారి పుణ్యవతి అన్నగారు స్నానాలగది అనుకుని భుజాన తువ్వాలుతో సహా బియ్యం బీరువాలోకి తల దూర్చారు. దేవుడు కూడా ఓ బీరువాలోనే ఉండేవాడు. దీపం పెట్టేటప్పుడు తలుపు తీయాలి, అయ్యాక మూసేయాలి.

వాకిలి ఊడ్చి, పాలు పోసి వెళ్ళే బుచ్చమ్మ ఖాజాగూడ మనిషి. గృహప్రవేశమై నెల దాటాక ఇక ఉండబట్టలేక అడిగింది.

"సామానింక ఎప్పుడొస్తదమ్మా?"

"వచ్చేసిందే" అంది పుణ్యవతి.

బుచ్చమ్మ లోపలికి ఇంకోసారి తొంగి చూసి చీపురు తీసుకుంది.

ఆయనకు ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందో కూడా చెప్పుకోవాలి, లేకపోతే అన్యాయమవుతుంది. ఆయన పుట్టిన ఇల్లు ఉమ్మడి కుటుంబం. భోషాణాలు, బస్తాలు, ఇత్తడి సామాను, విరిగిన కుర్చీలు, వాటి మధ్యన మనుషులు. తాతగారు పోయాక పంపకాలొచ్చాయి. పొలాలు పంచుకోవడానికి ఎంతో సేపు పట్టలేదు గానీ ఓ గంగాళం దగ్గర పంపకం ఆగిపోయింది. నాదంటే నాదని అమ్మా, పిన్నమ్మా మాటలు మానేశారు. ఆ గంగాళంలో మళ్ళీ ఎవరూ నీళ్ళు కాచుకోలేదు. పెరట్లో వానకు తడిసి చిలుమెక్కింది. పిన్నమ్మ పోయిన రోజున కూడా అమ్మ ఆ గుమ్మం తొక్కలేదు. పన్నెండేళ్ళ యజ్ఞనారాయణ ఇదంతా చూశాడు. వస్తువు మీద ప్రేమ పెరిగితే మనిషి మీద తరిగిపోతుందని అప్పుడే ఓ లెక్క కట్టేసుకున్నాడు. తరవాతెప్పుడో ఆఫీసు లైబ్రరీలో విదేశీ పత్రికొకటి తిరగేస్తుంటే ఓ గది ఫొటో కనబడింది. కిటికీ, కిటికీ పక్కన ఒక కుర్చీ, ఇంకేమీ లేదు. అది చూస్తుంటే ఆయనకు ఛాతీ మీంచి బరువు దిగినట్టయింది. అలాంటి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోరని నమ్మాడు.

పుణ్యవతి పాలకొల్లు పిల్ల. కాపరానికొస్తూ లారీలో సగం సామాను తెచ్చుకుంది. తల్లి చిన్నప్పుడే పోయింది కనుక తల్లి వాడినవన్నీ దాచుకున్న మనిషి. గోడ బీరువాల్లో దాగిన ఆ సామానే ఒక్కొక్కటిగా బయటికి నడిచింది.

"ఈ జాడీలెన్ని?" అని అడిగాడు ఓ ఆదివారం.

"ఆవకాయకి పెద్దది, మాగాయకి ఇది, చింతకాయకి..."

"ఉన్నది ఇద్దరం కదా పుణ్యవతీ."

అంతే. అరిచింది లేదు, విసుక్కున్నది లేదు. ఆవిడ జాడీల వంక చూసింది, ఆయన వంక చూసింది, మర్నాడు బుచ్చమ్మను పిలిచి ఇచ్చేసింది. తరవాత కొలువు బొమ్మలు. నవరాత్రులు వెళ్ళాక వాటిని పాత చీరల్లో చుట్టి పెట్టెలో సర్దుతుంటే ఆయన పక్కనే కూర్చుని, ఎంతో ప్రేమగా, ఏడాదికోసారి చూసే బొమ్మల కోసం ఏడాది పొడవునా చోటు ఖర్చు పెట్టడం ఎందుకని వివరించాడు. సెట్టి, సెట్టెమ్మ, ఏనుగు మీద రాజు, పెళ్ళి పల్లకీ, అన్నీ బుచ్చమ్మ నెత్తి మీద వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రం ఖాళీ అయిన చోటు చూస్తే ఆయనకు ఎక్కడో చివుక్కుమంది. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ స్కూటరు ఆపి మూర మల్లెపూలు కొన్నాడు.

అది అలవాటైపోయింది. ఏదైనా వస్తువు పోతే ఇంటికి పూలొచ్చేవి. పాపం, పూలు తెచ్చిన రోజున పుణ్యవతి వాటిని తల్లో పెట్టుకోకముందే ఇల్లంతా కళ్ళతో వెతుక్కునేది, ఇవాళ ఏం పోయిందో అని.

డెబ్బైరెండు వానాకాలంలో కొడుకు పుట్టాడు. పుట్టింట్లో చూసే తల్లి లేదు కనుక పురుడు ఇక్కడే పట్నంలో, దవాఖానలో. టెలిగ్రాం అందగానే పాలకొల్లు నుంచి పుణ్యవతి తండ్రి, తరతరాలుగా ఆ ఇంటి పిల్లలు ఊగిన ఉయ్యాలను గోనె కట్టించి గూడ్సు బండిలో వేయించాడు. పుణ్యవతి ఊగిందీ, ఆవిడ తల్లి ఊగిందీ అందులోనే. ఉయ్యాల దారిలో ఉండగానే బాబుకి జ్వరమొచ్చింది. పురుటి స్నానం కాలేదు, పేరు పెట్టలేదు, పిల్లాడు పోయాడు.

పోయిన వారానికి పార్సిలు ఆఫీసు నుంచి చీటీ వచ్చింది. యజ్ఞనారాయణ వెళ్ళి కిరాయి వ్యానులో ఆ గోనె మూటను తెచ్చాడు. దారంతా దాన్ని చూడకుండా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. వాకిట్లో దించాక బుచ్చమ్మను పిలిచాడు.

"గోనె విప్పకు. ఇలాగే తీసుకుపో. మీ ఊళ్ళో ఎవరికైనా పనికొస్తుంది."

"అమ్మను అడుగుతరా సారు?"

"అమ్మ పడుకుంది. ఆవిడ కంట పడకూడదనే చెబుతున్నాను."

పుణ్యవతి పడుకోలేదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది. ఆయన వెనక్కి తిరిగి చూసేసరికి ఆవిడ కళ్ళు కనిపించాయి. ఏమీ అనలేదు. అనలేదు కాబట్టి ఒప్పుకుందనుకున్నాడు. మగవాళ్ళ లెక్కలు ఇలాగే తగలడతాయి! మర్నాడు పూలకొట్టు ముందు స్కూటరు నెమ్మది చేశాడు గానీ ఆపలేదు. కొనడానికి మొహం చెల్లలేదు.

ఆ తరవాత పుణ్యవతి ఏదీ కావాలని అడగలేదు. పండక్కి చీర కొంటానంటే ఉన్నవి చాలంది. ఆయన ఆఫీసులో గొప్పగా చెప్పుకునేవాడు కూడా: "నాది చదివి తెచ్చుకున్న నిరాడంబరత. మా ఆవిడకి పుట్టుకతోనే వచ్చింది. ఏ వస్తువు మీదా ఆశ లేదు." ఏమనాలి ఈ మనిషిని! పుణ్యవతి మాట తగ్గిందనీ, నవ్వు తగ్గిందనీ, తను ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ అతిథిలా బల్ల అంచున కూర్చుంటోందనీ ఆయనకు తట్టలేదు. ఆ ఇంట్లోంచి ఇక పోవడానికి మిగిలింది పుణ్యవతి ఒక్కతే. అది మాత్రం ఆయన కంటికి ఆనలేదు.

డెబ్బైఏడులో, మాఘమాసంలో, పట్నంలోని ఓ కాలేజీలో ఇళ్ళ నిర్మాణం పాఠం చెప్పే సీతారామాంజనేయులు అనే లెక్చరరు ఆయన ఇంటి సంగతి విన్నాడు. విద్యార్థులను తీసుకొచ్చి చూపిస్తానన్నాడు. యజ్ఞనారాయణకు వారం రోజులు కాలు నిలవలేదు. తన ఇంటిని ఇన్నేళ్ళకు అర్థం చేసుకునేవాళ్ళు వస్తున్నారు మరి. ఆ ఆదివారం పొద్దున్నే లేచి తనే బండలు తుడిచాడు. పుణ్యవతికి ఒక్క మాట చెప్పాడు, "ఇవాళ ఎక్కడికీ వెళ్ళకు, కాఫీలివ్వాలి" అని. ఆవిడ ఓ క్షణం ఆగి "సరేనండి" అంది. ఆవిడ వెళ్ళే చోటు ఏదో ఒకటుందని ఆయనకేం తెలుసు? మాటవరసకి అన్నాడంతే.

వాళ్ళొచ్చారు. సీతారామాంజనేయులు గోడ మీద చెయ్యి వేసి రాస్తూ "ఆహా, ఆహా" అంటున్నాడు. విద్యార్థులు బీరువాలు ఎక్కడున్నాయో వెతుకుతుంటే యజ్ఞనారాయణ వేలితో నొక్కి తెరిచి చూపిస్తున్నాడు. అంతలో ఓ అమ్మాయి, మంచి పిల్లే, ఏ దురుద్దేశమూ లేదు, అడిగింది.

"ఇక్కడ ఎవరైనా ఉంటారాండీ? లేకపోతే చూపించడానికే కట్టారా?"

అందరితో పాటు ఆయనా నవ్వాడు. కానీ ఆ మాట లోపలెక్కడో ముల్లులా దిగి కూర్చుంది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో అలికిడైంది. బుచ్చమ్మ కొడుకు నర్సింహ నెత్తి మీద ఓ ఉయ్యాల మోసుకుని వస్తున్నాడు. చెక్క ఉయ్యాల, పచ్చరంగు, ఎర్రరంగు, నాలుగు మూలలా నాలుగు చిలకలు. వెనకాల బుచ్చమ్మ పళ్ళెం పట్టుకుని వచ్చింది. పళ్ళెంలో కొత్త రవికెగుడ్డ, బెల్లం అచ్చు. ఆమె కూతురు భూలక్ష్మి చంకలో పిల్లతో ఉంది. వాళ్ళింట్లో ఓ పద్ధతి ఉంది. ఉయ్యాలను ఎవరూ ఎవరికీ ఇచ్చేయరు, ఎరువిస్తారు. పిల్లకు నడక వచ్చాక ఇచ్చినవాళ్ళ ఇంటికే తిరిగి చేర్చాలి, అదీ ఉత్తచేతులతో కాకుండా. భూలక్ష్మి ఆ మధ్యాహ్నం బస్సుకే అత్తగారింటికి పోతోంది.

"సారూ, అమ్మ ఉన్నదా? తొట్టెల తెచ్చినం" అంది బుచ్చమ్మ.

యజ్ఞనారాయణకు ఒళ్ళు చిర్రెత్తింది. ఇంతమంది పెద్దమనుషుల ముందు, ఈ తెల్లటి గుమ్మంలోకి, రంగురంగుల చిలకలతో ఆ వస్తువు.

"ఏ తొట్టెల? మాది కాదు బుచ్చమ్మా. ఇంకెవరిదో అయ్యుంటుంది."

"మీదే సారు..."

"మా ఇంట్లో ఉయ్యాల ఎక్కడిదే? ఇలాంటివి మేము ఉంచం. చూశారుగా" అని విద్యార్థుల వైపు తిరిగి నవ్వాడు. వాళ్ళూ నవ్వారు. ఎవరో కుర్రాడు, ఉయ్యాల కట్టడానికి ఈ ఇంట్లో కొక్కెం కూడా లేదు కదా సార్ అన్నాడు. ఆ మాటకు యజ్ఞనారాయణ ఇంకా గట్టిగా నవ్వాడు.

నవ్వుతూ తల తిప్పేసరికి పుణ్యవతి కాఫీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడి ఉంది.

ఆవిడ ఆ పళ్ళెం బల్ల మీద పెట్టింది. బయటికి వచ్చి బుచ్చమ్మ చేతిలోని రవికెగుడ్డ, బెల్లం కొంగులో పట్టుకుంది. బెల్లం కొస విరిచి చంకలోని పిల్ల నోట్లో పెట్టింది. తరవాత వచ్చినవాళ్ళ వైపు తిరిగి, ఏ కోపమూ లేకుండా చెప్పింది.

"మాదేనండి. మా బాబుది."

యజ్ఞనారాయణ గుమ్మం దాకా వచ్చాడు. అప్పుడు చూశాడు ఉయ్యాల వైపు. ఆయన దాన్ని చూడటం అదే మొదటిసారి. గోనె విప్పి చూడలేదు కదా! అందులో చిలకలున్నాయని తెలియదు, రంగులున్నాయని తెలియదు.

"మన అర్రలకు కొంచపోదామా అమ్మా?" అని అడిగాడు నర్సింహ, ఇద్దరికీ తెలిసిన గదేదో ఉన్నట్టు.

"పద" అంది పుణ్యవతి. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళతో పాటు రాళ్ళదారిన వెళ్ళిపోయింది.

ఆయన వెంటనే వెనకాల పరిగెత్తి ఉంటే ఈ కథ ఇంత దూరం వచ్చేది కాదేమో. పరిగెత్తలేదు. ఇందాకటి అమ్మాయే మెల్లగా "మీకు బాబున్నాడాండీ?" అని అడిగింది. యజ్ఞనారాయణ నోటివెంట వచ్చిన మాట "ఈ దీపం చూడండి" అని. దాని డూమును వెదురుతో ఎందుకు అల్లించాడో, వెలుతురు గోడల మీద ఎలా పడుతుందో, గదికి ఒక్క దీపం ఎందుకు చాలో, అంతా చెప్పాడు. కాఫీలు తాగించాడు. వాళ్ళ వ్యాను గచ్చిబౌలి రోడ్డెక్కేదాకా గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. కన్నకొడుకు ఉయ్యాలను మాది కాదన్నందుకు కాదు, ఆ అడిగిన పిల్లకు ఉన్నాడనీ పోయాడనీ రెండు మాటలు చెప్పలేక దీపం చూపించినందుకు ఆయన తనను తాను ఆ తరవాత ఎప్పుడూ క్షమించుకోలేదు.

లోపలికొచ్చాడు. ఇల్లు పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. పుణ్యవతి ఇంట్లో లేదని చెప్పడానికి ఒక్క గుర్తు లేదు, ఎందుకంటే ఉందని చెప్పడానికీ ఎన్నడూ ఒక్క గుర్తు ఉండేది కాదు. చీర ఆరేసిన తాడు లేదు, దువ్వెన లేదు, సగం అల్లిన ఊలు లేదు. అవన్నీ తనే అలా ఉండాలన్నాడు. బల్ల మీద కూర్చోబోయి కూర్చోలేక లేచాడు. స్కూటరు చప్పుడుకు ఊరంతా తిరిగి చూస్తుందని నడిచే బయల్దేరాడు. చెరువుగట్టు మీద ఎదురైనవాళ్ళు "ఏంది సారు, నడుసుకుంట పోతున్నరు?" అంటుంటే ఏమీ వినబడనట్టు తల దించుకుని పోయాడు.

బుచ్చమ్మ ఇంటి వాకిట్లో ఓ పక్కగా పాత పశువుల కొట్టం ఉంది. దాన్ని మెత్తి, అలికి, గదిగా చేశారు. లోపల్నుంచి నవ్వులు వినబడుతున్నాయి. అందులో ఒక నవ్వు గట్టిగా, గొంతు విప్పి నవ్వుతున్న నవ్వు. ఎవరిదో అనుకున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి తెలిసింది, అది తన భార్యదే.

లోపల ఏమేం పోయాయని ఆయన మరిచిపోయాడో అవన్నీ ఉన్నాయి. జాడీలు వరసగా, మూతలకు గుడ్డలు కట్టి. చెక్క మెట్ల మీద సెట్టి, సెట్టెమ్మ, పల్లకీ, ఏనుగు. పుణ్యవతి తల్లి ఫొటో, దానికి దండ. కవ్వం, ట్రంకు పెట్టె, పీటలు, తనకు నచ్చలేదన్న పూలపూల దుప్పటి. గోడల నిండా మేకులు. నడుమ దూలానికి కట్టిన ఉయ్యాల. ఉన్న కాస్త జాగాలో పుణ్యవతి కాళ్ళు చాపుకుని, తల్లో పూలతో, భూలక్ష్మి పిల్లకు జడ వేస్తోంది. అంత ఇరుకులో ఆవిడ ఎంత హాయిగా కూర్చుందో చూస్తూ యజ్ఞనారాయణ గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆయన్ని చూడగానే నవ్వులు ఆగిపోయాయి. పుణ్యవతి కాళ్ళు ముడుచుకుని, కొంగు సర్దుకుంది. దానికే ఆయన సగం చచ్చాడు.

"రండి, కూర్చోండి" అని పీట వాల్చింది. ఊరి నుంచి వచ్చిన చుట్టానికి పెట్టినట్టు డబ్బా మూత తీసి జంతికలు పెట్టింది. బుచ్చమ్మ గుమ్మం దగ్గర నిలబడి తప్పు చేసినదానిలా చేతులు నలుపుకుంటోంది.

"నేను ఎవ్వరికి ఇయ్యలే సారు. అమ్మవి అమ్మకే ఉండాలె గదా అని గీడ పెట్టిన. నాకేం ఎరుక, అమ్మ రోజు పగటీలి ఒస్తదని? ఇగ ఒచ్చుడు మొదలువెట్టింది. తొట్టెల ఒక్కటి మా పిల్లలకు ఎరువు తీసుకున్నం, గంతే. మీరు పరేషాన్ గాకుండ్రి."

"నీ తప్పేం లేదు బుచ్చమ్మా" అన్నాడాయన. బుచ్చమ్మ కూతుర్నీ, పిల్లనూ తీసుకుని, బస్సుకు టైమవుతోందంటూ బయటికి వెళ్ళింది.

ఇద్దరే మిగిలారు. జంతిక ముక్క ఆయన చేతిలోనే ఉంది.

"నీకు చాలా అన్యాయం చేశాను" అన్నాడు.

"చేశారు" అంది పుణ్యవతి.

అలాంటిదేం లేదండి, అంటుందనుకున్నాడు కాబోలు! ఆ ఒక్క మాటకు ఆయన తల ఇంకా కిందికి దిగింది.

"నువ్వు ఒక్కసారైనా వద్దనలేదు."

"మీరు ఒక్కసారైనా అడగలేదు. ఇచ్చేద్దామా అని అడగలేదు. ఎందుకు ఉంచుకున్నావని అడిగారు. దానికి జవాబేం చెప్పను?"

ఆయన చుట్టూ చూశాడు. "ఇవన్నీ ఇంటికి తెచ్చేద్దాం. రేపే బండి మాట్లాడతాను. గోడలకు మేకులు కొట్టిస్తాను."

"వద్దండి."

"నిజంగానే అంటున్నాను పుణ్యవతీ."

"నిజంగానే అంటున్నారు, తెలుసు. కానీ అక్కడికి తెస్తే ఇవి మీరు ఉండనిచ్చిన సామానవుతాయి. ఇక్కడైతే నావి." ఆవిడ పిల్ల జడ నుంచి రాలిన దారప్పోగు ఏరి వేలికి చుట్టుకుంటోంది. "సాయంత్రానికి వస్తాను, వంట చేస్తాను. నేనెక్కడికీ పోను. మధ్యాహ్నాలు మాత్రం ఇక్కడే."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు. గంగాళం కోసం పోట్లాడుకున్న అమ్మా, పిన్నమ్మా కనీసం ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఈవిడ ఐదేళ్ళుగా అరవకుండా రెండిళ్ళ కాపరం చేసింది, ఒకటి ఆయన కోసం, ఒకటి తన కోసం. వస్తువులు లేకపోతే మనుషులు దగ్గరవుతారని కట్టుకున్న ఇంట్లో, ఆవిడకు ఏం పోయిందో ఆయన ఒక్కనాడూ దగ్గర కూర్చుని వినలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పుణ్యవతి ఓదార్చలేదు.

చాలాసేపటికి ఆయన పీట మీంచి లేచి ఉయ్యాల దగ్గరికి వెళ్ళాడు. ముట్టుకోవచ్చా అన్నట్టు ఆవిడ వంక చూశాడు. ఆవిడ తలూపింది. చెక్క అంచు మీద చెయ్యి వేశాడు. అందులో ఏ పిల్లలు పడుకున్నా, పడుకోవాల్సినవాడు పడుకోలేదు.

"వాడికి మనం పేరు కూడా పెట్టలేదు" అన్నాడు.

"నేను పెట్టుకున్నాను" అంది పుణ్యవతి. "ఇక్కడ కూర్చుని, నాకు నేనే. కానీ అది చెల్లదు కదండీ. తండ్రి రాయాలి."

ఆవిడ లేచి వెళ్ళి తన తల్లి ఇత్తడి పళ్ళెం దించింది. మూలనున్న బుచ్చమ్మ బస్తాలోంచి దోసెడు బియ్యం పోసి, అరచేత్తో చదును చేసింది. ఆయన వేలికి ఉంగరం ఉండదు, అదీ అనవసరమని ఎప్పుడో తీసేశాడు. తన ఉంగరమే తీసి ఆయన చేతిలో పెట్టింది. పోయిన పిల్లలకు పేరు పెట్టే ఆచారం ఎక్కడా లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

"ఏమని రాయను?"

"రామబ్రహ్మం. మీ నాన్నగారి పేరే."

యజ్ఞనారాయణ ఆవిడ మొహం వంక చూడలేకపోయాడు. ఆయన తన తండ్రి వస్తువు ఒక్కటీ దాచుకోలేదు, కళ్ళజోడు కూడా. పళ్ళెం ముందు కూర్చున్నాడు. స్కేలు లేకుండా నిలువుగీత గీయగలడని ఆఫీసులో పేరున్న చెయ్యి అది. ఆ చేతికే అక్షరాలు వంకర్లు పోయాయి, సున్నా పక్కకు ఒరిగింది. అరచేత్తో చెరిపి మళ్ళీ రాయబోయాడు.

"చెరపకండి" అంది పుణ్యవతి. "అలాగే ఉండనివ్వండి."

చెరపలేదు. ఇప్పుడు ఆ పేరును చెవిలో చెప్పాలి. ఆయన ఖాళీ ఉయ్యాల వైపు చూశాడు, బియ్యం వైపు చూశాడు. ఎవరి చెవిలో చెప్పాలో తెలియలేదు. తరవాత పక్కకు వంగి, భార్య చెవి దగ్గర, వినీ వినబడనట్టు ఆ పేరు పలికాడు.

"మూడుసార్లు చెప్పాలండి" అంది పుణ్యవతి.